కాన్వాస్ ఆపేసి జాకెట్ల మీదే వెయ్యమంటున్నారు, ఒంగోల్లో పాప్ ఆర్ట్‌తో బతకొచ్చా?

చుక్కల గిత్త (ఒంగోలు)

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, కాస్త ఓపిగ్గా చదవండి. నేను ఒంగోల్లో ఉంటా, పొద్దున పూట ఒక డీటీపీ సెంటర్లో పని, మధ్యాహ్నం నుంచి ఇంట్లో పెయింటింగ్. మూడేళ్ళ నుంచి పాప్ ఆర్ట్ వేస్తున్నా, అంటే గట్టి రంగులు, లావు నల్ల ఔట్‌లైను, పాత కామిక్ పుస్తకాల్లో కనపడే చుక్కలు, ఆ టైపు. కాన్వాస్ మీద వేస్తా, డెనిమ్ జాకెట్ల మీద, కాటన్ కుర్తీల మీద, గుడ్డ బ్యాగుల మీద కూడా వేస్తా, రెండు చీరలు కూడా చేశా.

ఈ మూడేళ్ళలో జాకెట్లు 31 పోయినయ్. కాన్వాసులు నాలుగే, అందులో రెండు చుట్టాలు కొన్నవి. నాకేమో కాన్వాస్ అంటే ప్రాణం. 24 బై 36 అంగుళాలది ఒకటి ఉంది, ఒంగోలు గిత్త, ఒళ్ళంతా గులాబీ రంగు, మూపురం మీద పసుపు చుక్కలు, కొమ్ములు నీలం, వెనకాల గోళీసోడా బండి. నెలన్నర పట్టింది దానికి. చూసినోళ్ళందరూ ఫోటో దిగుతారు, ఎంత అని అడుగుతారు, చెప్పంగానే నవ్వేసి వెళ్ళిపోతారు. అమ్మేమో గోడకి తగిలించేది ఎవురు కొంటారే, ఒంటికేసుకునేది చెయ్యి అంటది. తప్పని కాదు, ఇంట్లోకి డబ్బులొచ్చేది వాటి నుంచే.

జాకెట్ల గోల ఇంకోటి. 2,800 చెప్తే "ఇదే ప్రింటు అయితే 600కి వస్తది గదా" అంటారు. చేత్తో వేసిన దానికీ ప్రింటుకీ తేడా ఎట్టా చెప్పాలో నోరు రావట్లా.

దానికి తోడు పోయిన వారం ఒకబ్బాయి జాకెట్ వెనక్కి తెచ్చాడు. వాళ్ళ అభిమాన హీరో మొహం వేయించుకున్నాడు, వీపు నిండా. మూడు ఉతుకులకే పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, కన్ను దగ్గర ఒక ముక్క మొత్తం ఊడి లోపల నీలం బట్ట కనపడతా ఉంది. ఆ అబ్బాయి గట్టిగా కూడా అడగలా, "అక్కా ఇట్టా అయింది" అని చేతిలో పెట్టాడంతే. డబ్బులు ఇచ్చేశా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రంగు మంచిదే వాడా, కింద కాన్వాస్‌కి పూసినట్టే తెల్లగా జెస్సో కూడా పూశా గట్టిగా ఉంటదని, ఆరినాక మళ్ళీ రెండు కోటింగులు.

నేను అడిగేది ఏందంటే, ఒకటి ఈ పెచ్చులు ఎందుకు లేచినయ్, రెండు రేటు ఎట్టా కట్టాలి, అసలు కాన్వాస్ వదిలేసి పూర్తిగా బట్టల మీదకే పోవాలా. ఎవురన్నా ఈ పనిలో ఉన్నోళ్ళు చెప్పండి.

నెల్లూరు కుంచె

చెల్లెమ్మా, ముందు ఆ అబ్బాయికి డబ్బులు తిరిగిచ్చినావు చూడు, అది మంచి పని. నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఎనిమిదేళ్ళ నుంచి బట్టల మీద పెయింటింగే చేస్తా ఉండా, నాకూ మొదట్లో ఇదే జరిగింది గాబట్టి కారణం చదవంగానే తెలిసిపోయింది. జెస్సో.

జెస్సోలో సుద్ద లాంటి పొడి ఉంటాది, కాన్వాస్ ఫ్రేముకి బిగించి ఉంటాది గాబట్టి ఆడ కదలదు, పగలదు. జాకెట్ అట్టా కాదు గదా, మోచెయ్యి ఎత్తినప్పుడల్లా వీపు సాగతాది. నువ్వు ఆ జాకెట్ లోపల లేబుల్ చూడు, ఇప్పుడొచ్చే డెనిమ్‌లో చాలా వాటికి కాటన్‌తో పాటు ఎలాస్టేన్ కొంచెం కలిపి ఉంటారు, సాగడానికి. సాగే బట్ట మీద గట్టి సుద్ద పొర, దాని మీద మామూలు యాక్రిలిక్ రంగు మందంగా, ఇంగ పగలక ఏం చేస్తాది.

నేను చేసేది చెప్తా. నూరు శాతం కాటన్ డెనిమే కొంటా, రేటు ఎక్కువైనా సరే. కొత్త బట్టకి గంజి ఉంటాది, గోరువెచ్చని నీళ్ళలో సబ్బేసి ఒకసారి ఉతికి ఆరేస్తా, కంఫర్ట్ లాంటివి అసలు పెట్టకూడదు, రంగు పట్టుకోదు. యాక్రిలిక్ వాడితే ఫాబ్రిక్ మీడియం, అంటే బట్ట మీద రంగు మెత్తగా ఉండేట్టు చేసే ద్రవం, కలుపుకోవాలి, సీసా మీద ఎంత కలపమని రాసుంటే అంత, లేదంటే నేరుగా ఫాబ్రిక్ కలరే వాడుకో, ఫెవిక్రిల్‌వి మన ట్రంకు రోడ్డు స్టేషనరీ కొట్లల్లో కూడా దొరకతాయి. ముదురు డెనిమ్ మీద పసుపు, గులాబీ లేవవు గాబట్టి కింద తెలుపు కావాలి, ఆ తెలుపు కూడా ఫాబ్రిక్ తెలుపే, జెస్సో కాదు. పల్చగా, ఒకటి ఆరినాక ఇంకోటి. వేలితో రుద్దితే బట్ట నేత వేలికి తెలియాలి, తెలియకుండా ప్లాస్టిక్ మాదిరి నున్నగా ఉందంటే మందం ఎక్కువైనట్టు లెక్క.

ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ, కాటన్ వేడి పెట్టి, ఆవిరి ఆపేసి, ఒక్కచోటే ఆపకుండా తిప్పతా మూడు నాలుగు నిమిషాలు ఒక్కో భాగానికి. తర్వాత మూడు రోజులు నీళ్ళు తగలనియ్యబాక. కొనేవాళ్ళకి ఒక చీటీ రాసి జేబులో పెడతా నేను, తిరగేసి చన్నీళ్ళలో చేత్తో ఉతకండి, బ్లీచింగ్ వద్దు, నీడలో ఆరెయ్యండి అని. ఈ చీటీ పెట్టినప్పటి నుంచి నాకు వెనక్కి వచ్చినవి చాలా తక్కువ.

రేటు సంగతి. 2,800 జాకెట్‌కి ఎన్ని గంటలు పట్టింది, జాకెట్ ఎంతకి కొన్నావు? అది చెప్పు ముందు.

చుక్కల గిత్త

అక్కా, లేబుల్ చూశా. 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అనే ఉంది! జాకెట్ 900, రంగులు 250 దాకా, పద్నాలుగు గంటలు పట్టింది.

నెల్లూరు కుంచె

చూడు మరి. గంటకి 150 వేసుకున్నా పద్నాలుగు గంటలకి 2,100. 900, 250 కలిపితే 3,250. 2,800కి ఇచ్చావంటే నువ్వే ఎదురు 450 పెట్టి ఇచ్చినట్టు. ఇంట్లోకి డబ్బులు జాకెట్ల నుంచి వస్తన్నాయి అనుకుంటా ఉండావు గానీ నీ మధ్యాహ్నాలు అమ్ముకుంటా ఉండావు, అంతే. కాన్వాస్‌కి చాలామంది చదరపు అంగుళాల లెక్క కడతారు. 24 ఇంటూ 36 అంటే 864 అంగుళాలు, అంగుళానికి 10 వేసుకుంటే 8,640. ఈ లెక్క ఉంటే ప్రతిసారీ మనిషి మొహం చూసి రేటు చెప్పే బాధ ఉండదు. బేరం ఆడేవాళ్ళకి రేటు తగ్గించబాక, సైజు తగ్గించు. వీపు నిండా వద్దు, జేబు మీద వేయించుకోండి 1,200 అను.

పాత బ్యానర్ పెయింటర్ (కావలి)

అమ్మాయ్, నేను 1984లో కుంచె పట్టినా. సినిమా బ్యానర్లు, కొట్ల బోర్డులు, ఎలక్షన్లప్పుడు గోడలు, అన్నీ రాసినా. నువ్వు చెప్పిన పెచ్చుల కత మాకు బాగా తెలుసు. బ్యానర్ గుడ్డకి వజ్రం బంక కాచి, సుద్ద కలిపి పూసేవోళ్ళం, ఆరినాక దాని మీద బొమ్మ. ఆ గుడ్డని మడతేస్తే మడత కాడ టపటపా పగలతది, అందుకే మా మేస్త్రీ మడవనిచ్చేవోడు గాదు, కర్రకి చుట్టి తీసకపోయేది సైకిలు మీద. నువ్వు పూసిన జెస్సో కూడా అట్టాంటి సుద్దే గదా. చుట్టేటప్పుడు కూడా బొమ్మ బయటికి వచ్చేటట్టు చుట్టాల, లోపలికి చుడితే రంగు నలిగి ముడతలు పడతది. నీ కాన్వాసులు పార్శిల్ పంపాల్సొస్తే ఇది గుర్తు పెట్టుకో, లావుపాటి పైపుకి చుట్టు, మధ్యలో బటర్ పేపరు.

ఇంగో మాట. "ప్రింటు అయితే తక్కువ గదా" అనే మాట మేం ఇరవయ్యేళ్ళ నాడే విన్నాం. ఫ్లెక్సీ వచ్చినాక. ఒక్క ఏడాదిలో మా వీధిలో ఆరుగురు పెయింటర్లలో నలుగురు పని మానేసినారు, ఒకాయన ఆటో కొనుక్కున్నాడు. నేను నిలబడింది ఎట్టాగంటే ఫ్లెక్సీ చెయ్యలేనిది చేసినా. రేకు షట్టర్ల మీద అక్షరాలు, లారీల వెనక బొమ్మలు, గుడి గోడలు. ప్రింటోడితో రేటులో పోటీ పడబాక, పడితే నువ్వే పోతావు. వాడు చెయ్యలేంది నువ్వు ఏం చేస్తావో అది కొనేవోళ్ళకి కంటికి కనపడాల. నా సలహా, ఆ మూపురం చుక్కలు వేసేటప్పుడు వీడియో తియ్యి, నీ చెయ్యి కనపడాల అందులో. చుక్క చుక్క పడేది చూసినోడు 600 మాట ఎత్తడు.

చుక్కలు దేనితో వేస్తా ఉండావు?

చుక్కల గిత్త

బాబాయ్, చాలా థాంక్సండీ. చుక్కలు పెన్సిల్ వెనక రబ్బరుతో ఒక్కోటీ అద్దుతున్నా, మూపురానికే రెండు రోజులు పట్టింది, పైగా సైజులు తేడా వస్తున్నయ్.

కోర్టు సెంటర్ జూనియర్ (నెల్లూరు)

అక్కా, నేను లాయర్ని, ప్రాక్టీసులో చిన్నోణ్ణే గానీ ఈ విషయం మాత్రం చెప్పాలి అనిపించి రాస్తున్నా. ఆ హీరో మొహం జాకెట్ పెచ్చులు లేచింది ఒకందుకు మంచిదే అనుకో. ఆ మొహం ఏ ఫోటో చూసి వేశావు? గూగుల్లో దొరికిన స్టిల్ అయితే ఆ ఫోటో హక్కు ఇంకెవరిదో. దీని మీద అమెరికాలో పెద్ద కేసే నడిచింది, అదీ మీ పాప్ ఆర్ట్ దేవుడు ఆండీ వార్హోల్ మీద. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ 1981లో పాప్ సింగర్ ప్రిన్స్‌ని ఫోటో తీసింది, వార్హోల్ దాన్ని చూసి వరసగా పదహారు బొమ్మలు చేశాడు, వార్హోల్ పోయినాక చాలా ఏళ్ళకి 2016లో అందులో ఒకటి పత్రిక అట్ట మీద వేసుకోడానికి ఆయన ఫౌండేషన్ డబ్బు తీసుకుని ఇచ్చింది, గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2023లో ఫోటోగ్రాఫర్ వైపే తీర్పొచ్చింది. అది అక్కడి చట్టం, మనది వేరే, కానీ వార్హోల్ అంతటోడి ఫౌండేషనే ఓడిపోయింది అన్నది గుర్తుంచుకో. మన దగ్గర కూడా నటులు వాళ్ళ మొహం, పేరు, గొంతు అనుమతి లేకుండా సరుకుల మీద వాడొద్దని హైకోర్టుల్లో ఆర్డర్లు తెచ్చుకుంటున్నారు, 2023లో అనిల్ కపూర్‌కి ఢిల్లీ హైకోర్టు ఇచ్చింది.

ఇప్పుడు నీ సొంత బొమ్మల సంగతి. నీ గిత్త నీదే, వేసిన నిమిషం నుంచి కాపీరైట్ నీదే, నువ్వు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. రిజిస్ట్రేషన్ చేసుకోకపోయినా హక్కు ఉంటుంది. కానీ రెండు చోట్ల జాగ్రత్త. డబ్బులిచ్చి ఎవరన్నా ప్రత్యేకంగా పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు వేయించుకున్న మనిషి అవుతాడు. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో అయినా సరే, బొమ్మ మీది, డిజైన్ హక్కు నాది అని ఒక్క లైను రాసి వాళ్ళ చేత సరే అనిపించుకో.

రెండోది బట్టల మీదకి మళ్ళేటోళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది. బట్టకి వేసే డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోడానికి వీలుండి కూడా చేసుకోకుండా, మిషను పద్ధతిలో 50కి మించి కాపీలు తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది, అదే చట్టం 15వ సెక్షన్. చేత్తో ఒక్కోటీ వేసేదానికి ఈ భయం లేదు. రేపు స్క్రీన్ ప్రింట్ పెట్టి వంద టీషర్టులు కొట్టిద్దాం అనుకుంటే మాత్రం ముందు డిజైన్ రిజిస్ట్రేషన్ గురించి కనుక్కో. ఇన్‌స్టాలో పెట్టాక కాదు, పెట్టకముందే. బయటపెట్టేసిన డిజైన్ కొత్తది కిందకి రాదు.

కందుకూరు గోడలు

నేను ఆర్టిస్టుని కాదు, కొనేవాణ్ణి. మా ఇంట్లో ఏడు పెయింటింగులు ఉన్నాయి. అందరూ బాగా చెప్పారు గానీ అసలు ప్రశ్నకి ఎవురూ సమాధానం చెప్పలేదు, కాన్వాస్ వదిలెయ్యాలా అని. నా అభిప్రాయం, వదలకూడదు, కానీ రెండూ ఒకే టేబులు మీద పెట్టి అమ్మకూడదు. జాకెట్ల పక్కన కాన్వాస్ పెడితే కొనేవాడి బుర్రలో 2,800 దగ్గర ముల్లు ఆగిపోయి ఉంటుంది, 8,640 అంటే నవ్వొస్తుంది. అదే కాన్వాస్ ఒక డాక్టరు గారి వెయిటింగ్ హాల్లోనో, కొత్తగా పెట్టిన కాఫీ షాపులోనో తగిలించి కింద చిన్న చీటీ మీద పేరు, ధర రాసి పెట్టు, అక్కడ కూర్చున్నవాడు అరగంట దాన్నే చూస్తాడు. నేను నా మొదటి పెయింటింగ్ అట్లాగే ఒక పంటి ఆస్పత్రిలో చూసి కొన్నాను. నాలుగు సార్లు వెళ్ళాను పన్ను కోసం, నాలుగోసారి అడిగేశాను.

నెల్లూరు కుంచె

కందుకూరు గారూ, మీరు చెప్పింది సగం ఒప్పుకుంటా. తగిలించే చోటు గురించి నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ వేరువేరుగా పెట్టాలి అనేది ఒప్పుకోను. మద్రాసు పక్కన చోళమండలం ఆర్టిస్టుల ఊరు ఉంది గదా, 1966లో పెయింటర్ కె.సి.ఎస్. పణికర్ గారు, ఆయన శిష్యులు కలిసి పెట్టింది. వాళ్ళకి స్థలం కొనుక్కోడానికి, ఇళ్ళు కట్టుకోడానికి డబ్బులు యాడి నుంచి వచ్చినాయి అనుకుంటా ఉండారు? మైనం పూసి రంగులద్దే బాతిక్ బట్టలు, చేతిపనుల వస్తువులు చేసి అమ్మి. పొద్దున బట్టల మీద మైనం, సాయంత్రం కాన్వాస్. అందులో ఎవురూ చిన్నతనం అనుకోలా. న్యూయార్క్‌లో పాప్ ఆర్టిస్టు కీత్ హారింగ్ కూడా 1986లో సొంతంగా కొట్టు పెట్టి తన బొమ్మల టీషర్టులు, బ్యాడ్జీలు అమ్మినాడు, గ్యాలరీలకి పోలేని పిల్లకాయలు కూడా కొనుక్కోవాలని. చెల్లెమ్మ జాకెట్ వేసుకుని తిరిగేవాడు రేపు ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ గిత్త కాన్వాస్ కోసం వస్తాడు. నాకు వచ్చినారు అట్లా, ఇద్దరు.

కందుకూరు గోడలు

సరే, ఇద్దరు వచ్చారంటే నేను వాదించను. ఇంకొక్కటి మాత్రం చెప్పాలి ఆ అమ్మాయికి. హీరో మొహాలు, అమెరికా సూపర్‌హీరోలు వేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. సోడా బండి పక్కన గులాబీ రంగు గిత్త ఎక్కడా చూడలేదు నేను. వార్హోల్ సూపు డబ్బాలు వేశాడు 1962లో, 32 రకాలకి 32 కాన్వాసులు, ఎందుకంటే అవి ఆయన రోజూ తాగే సూపు. బరోడాలో భూపేన్ ఖఖర్ గారు, చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ, ఒకపూట లెక్కలు చూసుకుంటూ ఇంకోపూట బొమ్మలేసేవారు, గడియారాలు బాగుచేసే కొట్టు, మంగలి షాపు, ఇలాంటివే వేశారు ఆ బోర్డుల రంగులతో సహా. డీటీపీ సెంటర్లో పొద్దున పని చేసి మధ్యాహ్నం పెయింటింగ్ వేస్తున్నాను అన్నావు గదా, నాకు వెంటనే ఆయనే గుర్తొచ్చారు. మనకి మాత్రం తక్కువా, మార్కాపురం పలక, ఉదయగిరి చెక్క గరిటెలు, పల్లెవెలుగు బస్సు, పొదలకూరు నిమ్మకాయల బస్తా, రొట్టెల పండగ రోజు స్వర్ణాల చెరువులో చేతులు మారే రొట్టె. ఇవి ఒక వరసగా వేస్తే నేను చూడ్డానికి వస్తాను.

చుక్కల గిత్త

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరివీ రెండేసి సార్లు చదివా. మూడు వారాలైంది కదా, ఏం చేశానో చెప్తా. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, కుంచె అక్క చెప్పినట్టు ఒక పక్కన జెస్సో మీద, ఇంకో పక్కన ఫాబ్రిక్ తెలుపు మీద, రెండిటికీ అవే రంగులు వేసి ఇస్త్రీ చేసి ఉతికా. జెస్సో వైపు రెండో ఉతుక్కే సన్నటి గీతలు పడినయ్, ఎండిన చెరువు మట్టి లాగా. రెండో వైపు ఎనిమిది ఉతుకులైనా ఏం కాలా, చేత్తో నలిపినా నేత వేలికి తెలుస్తా ఉంది. ఆ ముక్క దాచిపెట్టుకున్నా, వచ్చినోళ్ళకి అదే చూపిస్తున్నా, ప్రింటుకీ దీనికీ తేడా చెప్పడానికి నోరు రావట్లా అన్నా కదా, ఇప్పుడు వాళ్ళ చేతిలో పెట్టి రుద్ది చూడమంటున్నా.

జాకెట్ వెనక్కిచ్చిన అబ్బాయికి ఫోన్ చేసి కొత్తది వేసిస్తా అన్నా, నూరు శాతం కాటన్‌ది. హీరో మొహం వెయ్యలేను తమ్ముడూ అని కారణం చెప్పా. కాసేపు ఆలోచించి "అయితే మా నాన్న బస్సు వెయ్యక్కా" అన్నాడు. వాళ్ళ నాన్న ఆర్టీసీ డ్రైవరంట. పల్లెవెలుగు, ముందు నుంచి, అద్దం మీద నిమ్మకాయలు మిరపకాయలు కట్టినట్టు వేశా. రేటు 3,400 చెప్పా, మారు మాట్లాడలా.

గిత్త కాన్వాస్ ఇంకా పోలేదు. తెలిసిన ఒక కళ్ళ డాక్టరు గారి దగ్గర వెయిటింగ్ హాల్లో తగిలించొచ్చా, ధర చీటీతో. వాళ్ళ కాంపౌండర్ చెప్పాడు, పిల్లలు మూపురం మీద చుక్కలు లెక్కపెడుతున్నారంట. అమ్మ ఇంకా గోడకి పెట్టేది ఎవురు కొంటారే అనే అంటది. నేను మాత్రం పలక మొదలుపెట్టా, 24 బై 24, నల్లటి పలక మీద బలపంతో అ ఆ లు, చెక్క ఫ్రేము నారింజ రంగు. నలుపంతా చుక్కలతోనే నింపాలి, అదే భయంగా ఉంది.

పాత బ్యానర్ పెయింటర్ (కావలి)

రబ్బరుతో అద్దబాక ఇంగ. ఇనప కొట్లో చిల్లుల రేకు అడుగు, జల్లెడ రేకు అంటారు, చిల్లులన్నీ ఒకే సైజులో ఉంటయ్. కాన్వాస్ మీద కదలకుండా ఆనించి, స్పాంజి ముక్కతో, రంగు బాగా తక్కువ తీసుకుని, నిలువుగా తట్టాల, రుద్దకూడదు. రుద్దితే కిందకి కారతది. ఒకసారి తట్టినాక రేకు వెనక తుడిచి పక్కకి జరుపు, రెండు వరసలు పాత చుక్కల మీదే కూర్చోబెట్టి జరిపితే అతుకు తెలీదు. నా కాడ మూడు సైజులు ఉండాయి, పాతవి, ఇప్పుడు నాకు పనిలేదు. ఒంగోలు నుంచి కావలి ఎంతసేపు, ఇక్కడ ఆగే రైలెక్కితే చాలు. ఆదివారం రా, ఇస్తా. పలక కూడా పట్టుకరా, మొదటి వరస నా ముందర వెయ్యి.